కాల్చకుండానే అరిగిపోయిన రివాల్వర్

1991లో నేను మస్కట్‌లోని రూవిలో, తుపాకులు మరమ్మతు చేసే ఒక వర్క్‌షాపులో ఫిట్టర్‌గా ఉండేవాణ్ణి. మాది కడప పక్కన పల్లె. మా మేనమామకు లైసెన్సు తుపాకులు బాగుచేసే దుకాణం ఉండేది. చేలల్లో అడవి పందుల్ని బెదరగొట్టడానికి రైతులు వాడే తుపాకులు ఊడదీసి బిగిస్తూ అక్కడే నా చెయ్యి తిరిగింది. ఆ పనే నన్ను ఒమన్ చేర్చింది. ఇంట్లో మేం మాట్లాడేది దక్కనీ ఉర్దూ అయినా బడిలో చదివింది తెలుగు. అందుకే రాయడానికి కూర్చుంటే నాకు తెలుగే వస్తుంది.

షాపు యజమాని సాలిం ఒమనీ. అక్కడ యజమానిని అర్బాబ్ అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. మాటలు తక్కువ మనిషి. మాకు ఎక్కువగా వచ్చేవి పెళ్ళిళ్ళలో భుజాన వేసుకుని తిరిగే పాత పొడవాటి రైఫిళ్ళు. వాటి కర్ర చీలుతుంది, వెండి పట్టీ ఊడుతుంది, అంతే. చిన్న రివాల్వర్లు అరుదు. దూరాలకు డబ్బు తీసుకెళ్ళే వ్యాపారులు, ఊరికి దూరంగా తోటలున్నవాళ్ళు, పోలీసు లైసెన్సుతో పెట్టుకునేవాళ్ళు.

ఈ చిన్న రివాల్వర్ల గురించి నన్ను చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: ఎన్నాళ్ళు మన్నుతుంది? జవాబు దాని బరువులోనే ఉంది. నడుముకు కట్టుకున్నా, జేబులో వేసుకున్నా బట్ట కిందికి లాగకూడదని దాని ఫ్రేమ్‌ను, అంటే మిగతా భాగాలన్నీ అమరే చట్రాన్ని, అల్యూమినియం మిశ్రమంతో చేస్తారు. లోపలి భాగాలు మాత్రం ఉక్కువే. మెత్తటి చట్రంలో గట్టి ఉక్కు కదులుతూ ఉంటే చట్రమే ముందు అరుగుతుంది. రోజంతా మోయడానికి అది హాయిగా ఉంటుంది. రోజూ సాధన చెయ్యడానికి పనికిరాదు. గురి నేర్చుకోవాలంటే బరువైన ఉక్కు రివాల్వర్‌తో నేర్చుకోండి, దీన్ని అప్పుడప్పుడూ మాత్రమే కాల్చండి అని చెప్పేవాణ్ణి.

అరుగుదల రెండు రకాలు. ఒకటి తుపాకి మందు వల్ల వచ్చేది. తూటా పేలిన ప్రతిసారీ వేడి గాలి బ్యారెల్ మొదట్లో లోహాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది, దాని పైనున్న చట్రం మీద సన్నటి గీత పడుతుంది. రెండోది చేతి వల్ల వచ్చేది. తూటా లేకపోయినా ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ లోపలి యంత్రమంతా కదులుతుంది. ఖాళీ తుపాకీ ఇలా నొక్కడాన్ని డ్రై ఫైరింగ్ అంటాం. తుపాకీ విప్పి చూస్తే దాన్ని కాల్చారా, ఊరికే నొక్కారా అన్నది ఫిట్టర్‌కు తెలిసిపోతుంది.

ఆ ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో సమాయిల్ నుంచి ఖల్ఫాన్ అనే పెద్దాయన వచ్చాడు. సమాయిల్ మస్కట్‌కు లోపల, కొండల మధ్య ఉన్న ఊరు. అక్కడ ఆయనకు ఖర్జూరపు తోటలున్నాయి. తెల్లటి గడ్డం, అక్కడి మగవాళ్ళు వేసుకునే పొడవాటి అంగీ, ఇస్త్రీ చెదరని దిష్‌దాషా, నెమ్మదైన మాట. చిన్నతనమంతా ఆఫ్రికా తీరంలో, గుజరాత్ నుంచి వెళ్ళిన కచ్ఛీ వ్యాపారుల పక్క దుకాణంలో గడిచిందట. అందువల్ల హిందీ బాగా వచ్చు. మేము మాట్లాడుకున్నదంతా ఆ హిందీలోనే.

తోలు సంచీ పట్టీ విప్పి, అయిదు తూటాలు పట్టే చిన్న రివాల్వర్ ఒకటి బల్ల మీద పెట్టాడు.

"సిలిండర్ నిలవడం లేదు. చేత్తో తిప్పితే ఎక్కడ ఆగాలో అక్కడ ఆగకుండా జారిపోతోంది" అన్నాడు.

సిలిండర్ అంటే తూటాలు కూర్చునే గుండ్రటి భాగం. అది సరిగ్గా బ్యారెల్‌కు ఎదురుగా ఆగకపోతే తూటా పక్కకు కొట్టుకుని ముక్కలు మొహం మీదికి రావచ్చు.

"ఎన్ని కాల్చారు బాబా?" అని అడిగాను.

"కొన్న రోజున నాలుగైదు. అంతే. ఆ తర్వాత దీనితో నాకు పని పడలేదు. ఇప్పుడు పడేలా ఉంది. చుట్టుపక్కల తోటల్లో నీళ్ళ మోటార్లు పోతున్నాయి. కొత్త తూటాలు కొన్నాను. ఇది బాగుచేసి ఇవ్వండి, ఇకనుంచి నింపి పెట్టుకుంటాను."

ఆయన వెళ్ళాక పక్క ప్లేటు విప్పాను. ముందు బ్యారెల్ చూశాను. లోపలి మెలికల అంచులు కొత్తవాటిలా పదునుగా ఉన్నాయి. పైచట్రం మీద మందు గీత లేదు. నాలుగైదు తూటాలే కాల్చానన్న మాట అక్షరాలా నిజం.

తర్వాత లోపలి యంత్రం చూసి చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాను. సిలిండర్‌ను తిప్పే కొక్కెం లాంటి ముక్క, దాన్ని మేం హ్యాండ్ అంటాం, కొన గుండ్రంగా అరిగిపోయి ఉంది. సిలిండర్‌ను ఆపే చిన్న ఉక్కు నాలుక చట్రంలో తన గాడిని దెబ్బల మీద దెబ్బలు కొట్టి వెడల్పు చేసేసింది. ట్రిగ్గర్ పిన్ను కూర్చునే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగింది. ట్రిగ్గర్ మీద నల్లరంగు పూర్తిగా పోయి, వేలు ఆనే చోట తెల్లటి లోహం అద్దంలా మెరుస్తోంది. ఏళ్ళ తరబడి రోజూ నొక్కితే తప్ప అలా కాదు. అది ఎన్ని వేలసార్లో నేను ఊహించదలచుకోలేదు.

అర్బాబ్‌ను పిలిచి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఖల్ఫాన్ అబద్ధమాడే మనిషి కాదు. మా నాన్నకు స్నేహితుడు" అన్నాడు.

"ఇది కూడా అబద్ధమాడటం లేదు అర్బాబ్" అన్నాను.

కొద్దిరోజులకు ఖల్ఫాన్ గారు మళ్ళీ వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ముందు కోపం వచ్చింది.

"నేను దీన్ని ముట్టుకోనంటున్నాను. రాత్రీ పగలూ నా దిండు కింద ఉంటుంది. బయటికి వెళ్తే నా నడుముకు ఉంటుంది. ఇంకెవరు నొక్కుతారు?"

"అది నాకు తెలీదు బాబా. ఎవరో నొక్కుతున్నారు. రోజూ నొక్కుతున్నారు."

ఆ మాటతో ఆయన మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. బయట పికప్ బండి వైపు చూశాడు. బండి నీడలో ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"నా గది ఊడ్చేది వాడొక్కడే" అన్నాడు. "వాడే అయితే ఈ నెలలోనే పంపించేస్తాను."

నేను నీళ్ళ సీసా తీసుకుని బయటికి వెళ్ళాను. మొహం చూసే అనుమానమొచ్చి తెలుగులో పలకరించాను. మనిషి లేచి నిలబడ్డాడు. పేరు నర్సయ్య, జగిత్యాల పక్క ఊరు. కన్‌స్ట్రక్షన్ కంపెనీ పనికని వచ్చి, ఆ కంపెనీ మూతపడితే ఈ తోటలో కుదిరాడు.

"నర్సయ్యా, దాచొద్దు. మీ అర్బాబు తుపాకి నువ్వు గానీ ముట్టుకుంటివా?" అని అడిగాను.

"రాజన్న తోడు, నేను ముట్టలే భాయ్. ఆ అర్రలకు పోవుడే నాకు భయం."

"ఎందుకు భయం?"

అతను పికప్ అద్దంలోంచి షాపు వైపు ఒకసారి చూశాడు.

"మధ్యాన్నం తిన్నంక అందరు పంటరు గదా. తోటల పిట్ట గూడ సప్పుడు చెయ్యది. అప్పుడు ఆ అర్రల్నుంచి సప్పుడొస్తది. టక్కు, టక్కు, టక్కు. అయిదు సార్లు. మల్ల బంద్. రోజు ఇంతే. నాకంటె ముందున్న బంగ్లాదేశ్ ఆయన నాకు జెప్పి పోయిండు, అండ్ల జిన్ను ఉన్నది, ఆ టైముకు అటు పోకు అని."

"పెద్దాయనకు చెప్పలేదా?"

"ఆయన అండ్లనే పంటడు భాయ్. ఆయనకు ఇనవడతలేదట. ఒకసారి అడిగిన. ఏం సప్పుడు, నాకేం ఇనవడలే అన్నడు. గప్పటిసంది నేను నోరు మూసుకున్న." నా చెయ్యి పట్టుకుని అన్నాడు, "నా మీద వెడుతున్నడా? వీసా క్యాన్సిల్ కొట్టి పంపిస్తడా? అప్పు దీరలే భాయ్ ఇంక."

లోపలికొచ్చి అర్బాబ్‌కు చెప్పాను. ఆయన జిన్ను మాట తీసెయ్యలేదు, నమ్మినట్టూ కనిపించలేదు. "నొక్కేదెవరో ముందు తెలియాలి. జిన్ను అయితే దానికి రంగు అంటదు కదా" అన్నాడు.

రంగు అన్నది మా పనిలో మాటే. ప్రష్యన్ బ్లూ అని ముదురు నీలం పేస్టు ఒకటి ఉంటుంది. రెండు భాగాలు ఎక్కడ రాసుకుంటున్నాయో తెలుసుకోవడానికి ఒకదానికి సన్నగా పూసి రెండోదాని మీద పడిన మరక చూస్తాం. చేతికి అంటితే సబ్బుకు లొంగదు, రోజుల తరబడి ఉంటుంది. అరిగిన ముక్కలు మార్చాను, ట్రిగ్గర్ కూడా కొత్తదే వేశాను. సాగిన రంధ్రానికి ఉక్కు గొట్టం దించి కొత్త పిన్ను కూర్చోబెట్టాను. అల్యూమినియం చట్రాన్ని వెల్డింగ్ చెయ్యకూడదు, వేడికి దాని బలం పోతుంది. అన్నీ బిగించాక ట్రిగ్గర్ ముందువైపు, నల్లటి లోహం మీద కనబడనంత పల్చగా ఆ నీలం పూశాను.

ఖల్ఫాన్ గారికి అర్బాబ్ ఒక్కటే చెప్పాడు: "గుర్తు ఒకటి పెట్టాం. తూటాలు నింపకండి. ఎప్పటిలా దిండు కింద పెట్టుకోండి, సంచీ విప్పకండి. కొన్నాళ్ళాగి తీసుకురండి. నర్సయ్యను కూడా వెంటబెట్టుకు రండి."

ఆయన వచ్చిన రోజు నేను తలుపు దగ్గరే ఉన్నాను. నర్సయ్యను ముందు నడిపించుకుంటూ వచ్చాడు. వస్తూనే అతని చేతులు పట్టుకుని మా ముందు బల్ల మీద పెట్టించాడు. నర్సయ్య గోళ్ళలో మట్టి ఉంది, అరచేతుల్లో ఖర్జూరపు మట్టలు గీరిన గాట్లున్నాయి. నీలం లేదు.

నేను నర్సయ్య చేతులు చూడటం ఆపేశాను. ఎందుకంటే వాటిని అదిమి పట్టుకున్న పెద్దాయన కుడిచేతి చూపుడు వేలు లోపలివైపు, మొదటి కణుపు మీద, ముదురు నీలంగా ఉంది.

అర్బాబ్ కూడా చూశాడు. మా చూపు ఎక్కడుందో గమనించి ఆయన తన వేలు తానే పైకెత్తి చూసుకున్నాడు.

"ఇదా? కొన్నాళ్ళుగా పోవడం లేదు. ఏదో కార్బన్ కాగితం అంటినట్టుంది" అన్నాడు. అంటూనే ఆగిపోయాడు.

నేను సంచీ విప్పి రివాల్వర్ తీశాను. ట్రిగ్గర్ మీద నీలం తుడిచిపెట్టుకుపోయి ఉంది. సిలిండర్ చుట్టూ కొత్తగా గీత పడింది. ఎన్నో చుట్లు తిరిగితే గానీ పడని గీత అది.

"సంచీలో పెట్టేటప్పుడు తగిలి ఉంటుంది" అన్నాడాయన. ఆ మాట ఆయనకే నమ్మకంగా అనిపించలేదు.

"సంచీలో పెడితే ట్రిగ్గర్‌కు వేలు తగలదు బాబా. వేలు లోపలికి పెట్టి నొక్కితేనే అక్కడ మరక పడుతుంది" అన్నాను, వీలైనంత మెల్లగా.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. నీలం అంటిన వేలిని మరో చేత్తో పట్టుకుని, అది తనది కానట్టు, ఎవరో తెచ్చి తన చేతికి అతికించినట్టు చూస్తున్నాడు. బల్ల మీద పెట్టిన చేతులు తీయాలో వద్దో తెలియక నర్సయ్య అలాగే వంగి నిలబడ్డాడు. కొంతసేపటికి పెద్దాయన లేచి ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, "మాఫ్ కరో" అన్నాడు. తర్వాత అర్బాబ్ వైపు తిరిగాడు.

"శుక్రవారం భోజనానికి రండి. ఇతన్నీ తీసుకురండి. నేను పడుకున్నాక చూడండి. చూసింది చూసినట్టు నాకు చెప్పండి. దాచొద్దు."

శుక్రవారం నమాజు అయ్యాక బయలుదేరాం. కొండల మధ్య వాగు దారి దాటితే సమాయిల్. పాత మట్టి ఇల్లు, పక్కనే సిమెంటుతో కట్టిన కొత్త గదులు, చుట్టూ ఖర్జూరపు చెట్లు. భోజనం అయ్యాక ఆయన తన గదికి తీసుకెళ్ళాడు. పరుపు నేల మీదే. పరుపుకు ఎదురుగా తలుపు. తలుపు బయట వరండా. సంచీలోంచి రివాల్వర్ తీసి అర్బాబ్‌కిచ్చాడు. అర్బాబ్ సిలిండర్ తెరిచి చూశాడు, నేను చూశాను, పెద్దాయనా చూశాడు. ఖాళీ. దిష్‌దాషా జేబులోంచి కొత్త తూటాల పెట్టె తీసి అదీ అర్బాబ్ చేతిలో పెట్టాడు.

"తలుపు తెరిచే ఉంచండి" అని చెప్పి, రివాల్వర్‌ను మళ్ళీ సంచీలో వేసి దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు.

మేం వరండాలో చాప మీద కూర్చున్నాం. నర్సయ్య మెట్ల దగ్గరే నిలబడ్డాడు, పైకి రాలేదు. తోటలో కాలువ నీటి సవ్వడి తప్ప ఏమీ వినిపించడం లేదు. ఎండ వరండా అంచు దాకా వచ్చి ఆగింది. అందరికీ కళ్ళు బరువెక్కే వేళ. కాసేపటికి ఆ నీటి సవ్వడి కూడా వినబడటం మానేసినట్టనిపించింది.

ఆయన లేచి కూర్చున్నాడు.

కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తున్నాయనుకుని నేను నోరు తెరవబోతే అర్బాబ్ నా మోకాలు నొక్కాడు. ఆ కళ్ళు మమ్మల్ని దాటి చూస్తున్నాయి. తడుముకోకుండా చెయ్యి దిండు కిందికి వెళ్ళింది. పట్టీ విప్పడం, తుపాకీ తియ్యడం, చెయ్యి చాచడం, అంతా ఎంతో ఏళ్ళుగా అలవాటైన పనిలా సాఫీగా జరిగిపోయింది. నడవడానికి కర్ర పట్టుకునే మనిషి చెయ్యి. ఇప్పుడు వణుకే లేదు. తలుపుకు గురిపెట్టాడు. తలుపుకు ఎదురుగా ఉన్నది మేము.

టక్కు.

అది ఖాళీ అని నాకు తెలుసు. నా కళ్ళతో చూశాను. ఆ లోపలి భాగాలు కూర్చింది నేనే. అయినా ఆ బ్యారెల్ కొనలోని నల్లటి రంధ్రం నా వైపు చూస్తుంటే నేను చాప మీద పక్కకు జరిగాను. టక్కు. నా వెనక మెట్ల మీద నర్సయ్య ఏదో గొణుగుతున్నాడు. టక్కు.

అప్పుడే వరండా చివరినుంచి కాఫీ కూజా, ఖర్జూరాల పళ్ళెం పట్టుకుని ఆయన భార్య వచ్చింది. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి ఉమ్ నాసిర్ అంటారు, నాసిర్ తల్లి అని. అర్బాబ్ చెయ్యెత్తి ఆపబోయాడు. ఆవిడ ఆగలేదు. మమ్మల్ని దాటి, అదే నడకతో, చాచిన తుపాకీకి సూటిగా ఎదురు నడుస్తూ గదిలోకి వెళ్ళింది. టక్కు. ఇంకో అడుగు. టక్కు. పళ్ళెం కింద పెట్టి, ఆయన చేతిలోంచి తుపాకీ తీసి దిండు కింద పెట్టి, చెవిలో ఏదో చెప్పింది. ఆయన పసిపిల్లాడిలా పడుకున్నాడు.

బయటికొచ్చి తలుపు దగ్గర నేల మీద కూర్చుంది. అర్బాబ్‌తో అరబ్బీలో మాట్లాడింది. ఆయన వాక్యం వాక్యం నాకు చెబుతూ వచ్చాడు.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఇంతేనట. మొదట్లో వట్టి చెయ్యి చాచేవాడు. ఈ తుపాకీ కొన్నాక దీనితో. కొన్న వారంలోనే ఆవిడ తూటాలన్నీ తీసి పిండి డబ్బా అడుగున దాచేసింది. ఆయన వాటి కోసం ఎప్పుడూ అడగలేదు. ఒకసారి తుపాకీనే దాచింది. ఆ మధ్యాహ్నం ఆయన నిద్రలోనే లేచి, వట్టికాళ్ళతో వాగు దాకా వెళ్ళిపోయాడు. తీసుకొచ్చేసరికి కాళ్ళు బొబ్బలెక్కాయి. అప్పటినుంచీ దాచలేదు.

"ఆయనకు ఎందుకు చెప్పలేదు?" అని అడిగించాను.

"చెబితే నిద్రపోవడం మానేస్తాడు" అందావిడ.

"రోజూ మీకే గురిపెడుతుంటే భయం లేదా?"

"నాకు కాదు. నా వెనక వచ్చేవాళ్ళకు." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారలేదు. "మొదట్లో నేనూ వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఇప్పుడు చూడను."

అప్పుడు ఆవిడ దృష్టి అర్బాబ్ ఒళ్ళో ఉన్న పెట్టె మీద పడింది. అదేమిటని అడిగింది. అర్బాబ్ చెప్పాడు. పిండి డబ్బాలో ఉన్నవి కాదు, కొత్తవి, ఆయన జేబులో ఉండేవి, బాగుచేశాక నింపుకుందామనుకున్నాడు అని. అంతసేపూ నెమ్మదిగా ఉన్న మనిషి మొహంలో రక్తం లేకుండా పోయింది. లేవబోయి తలుపు పట్టుకుంది. సిలిండర్ జారిపోకపోతే, ఆయన మా షాపుకు రాకుండా ఇంట్లోనే నింపుకుని ఉంటే, ఏదో ఒక మధ్యాహ్నం ఆవిడ ఆ కాఫీ పళ్ళెంతోనే నడిచి వచ్చేది. అరిగిన అల్యూమినియం రంధ్రం ఒకటి ఆవిణ్ణి కాపాడిందని నాకు అప్పుడు తట్టింది.

ఆయన లేచాక మేం చెప్పాల్సి వచ్చింది. పెద్దాయన అర్బాబ్‌కు తండ్రి స్నేహితుడు కదా. అర్బాబ్ నావైపు చూశాడు. నేనే చెప్పాను, ఏదీ దాచకుండా.

ఆయన ఓపిగ్గా విన్నాడు. "ఎటు గురిపెట్టాను?" అన్నాడు.

"తలుపు వైపు."

"తలుపులో ఎవరున్నారు?"

"మేమే బాబా. తర్వాత ఉమ్ నాసిర్ వచ్చారు."

"మీరేనా? ఇంకెవరూ లేరా? సరిగ్గా చూశావా?"

ఆ ప్రశ్న అడిగిన తీరుకు నేను ఒక్కసారి తలుపు వైపు చూశాను. ఖాళీ గుమ్మం, అవతల ఎండ.

"లేరు" అన్నాను.

ఆయన కాఫీ గిన్నె చేతిలోనే పట్టుకుని చెప్పాడు. ఆఫ్రికా తీరంలో ఉన్నప్పుడు తిరుగుబాటు చెలరేగి ఊరు తల్లకిందులైన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. ఆయన తమ్ముడు తలుపు తియ్యడానికి వెళ్ళాడు. తీశాడు. ఆ వచ్చినవాళ్ళు తమ్ముణ్ణి చంపి అక్కడే పడేశారు. "గది చివర నేనున్నాను. నాన్న రివాల్వర్ నా చేతిలో ఉంది. నిండుగా ఉంది. వేలు కదల్లేదు" అన్నాడు. కాఫీ చల్లారిపోయింది.

ఆ రోజే నిర్ణయమైంది. తుపాకీ తీసేస్తే ఆయన మళ్ళీ వాగు దారి పడతాడు. ఉంచితే అది పేలే వస్తువుగా ఉండకూడదు. అర్బాబ్ పోలీసు ఆఫీసులో మాట్లాడి, దాన్ని పనికిరాని తుపాకీగా మార్చడానికి అనుమతి తెచ్చాడు. తూటా వెనక కొట్టే ఫైరింగ్ పిన్ తీసేసి, ఆ రంధ్రాన్ని పూడ్చి, బ్యారెల్‌కు అడ్డంగా ఉక్కు కడ్డీ దించి కదలకుండా చేశాను. ట్రిగ్గర్, సిలిండర్ మాత్రం ఎప్పటిలా తిరుగుతాయి. తూటాలన్నీ, పిండి డబ్బాలోవి కూడా, పోలీసులకు అప్పగించాం.

నర్సయ్య అక్కడే ఉండిపోయాడు. సప్పుడు ఏమిటో తెలిశాక భయం పోయిందా అని తర్వాత ఒకసారి అడిగాను. "జిన్ను అనుకున్నప్పుడే నయముండె భాయ్. ఇప్పుడు ఇనవడితె ఏడుపొస్తది" అన్నాడు.

ఆ తర్వాత ఆ రివాల్వర్ ఏడాదికోసారి నా బల్ల మీదికి వచ్చేది. కాల్చలేని తుపాకీని అంత శ్రద్ధగా బాగుచెయ్యడం నా వృత్తిలో అదొక్కటే. వచ్చిన ప్రతిసారీ హ్యాండ్ కొన గుండ్రంగా అరిగి ఉండేది, ఆపే నాలుక దెబ్బతిని ఉండేది. మార్చి పంపేవాణ్ణి. ఏటా చట్రం ఇంకొంచెం సాగేది. "ఎంత అరిగింది?" అని ఆయన అడిగేవాడు, డాక్టర్ని రోగం సంగతి అడిగినట్టు. ఉన్నది చెప్పేవాణ్ణి.

1995లో, రివాల్వర్ మరమ్మతుకని నా దగ్గరున్న రోజుల్లోనే, ఉమ్ నాసిర్ జ్వరమొచ్చి పోయారు. ఆ కబురు నర్సయ్య ఫోన్‌లో చెప్పాడు. మరుసటి ఏడాది పెద్దాయన తానే వచ్చాడు. బాగా చిక్కిపోయి, కొడుకు భుజం పట్టుకుని వచ్చాడు. రివాల్వర్ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

విప్పాను. అంతకుముందు నేను వేసిన ముక్కలు వేసినట్టే ఉన్నాయి. హ్యాండ్ కొన పదునుగా ఉంది. ఆపే నాలుక మీద నా ఆకురాయి గీతలు కూడా చెరగలేదు. ట్రిగ్గర్ మీద సన్నగా దుమ్ము పట్టి ఉంది.

"ఎంత అరిగింది?" అని అడిగాడు.

"అరగలేదు బాబా. అసలు కదిలినట్టే లేదు."

సంతోషిస్తాడనుకున్నాను. ఆయన తల వంచుకున్నాడు.

"నేనూ అదే అనుకున్నాను" అన్నాడు. "ఆమె రావడం మానేసింది కదా. ఆమె వెనక వచ్చేవాళ్ళు కూడా రావడం లేదు." "వాళ్ళు వచ్చినా బాగుండేది, ముందు ఆమె నడిచి వచ్చేది" అన్నాడు.

రివాల్వర్ వెనక్కి తీసుకోలేదు. దాన్ని అర్బాబ్ పోలీసులకు అప్పగించి కాగితం రాయించుకున్నాడు.

నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు, మనిషి మాటా లోహం మాటా కలవకపోతే మనిషే దాస్తున్నాడని అనుకునేవాణ్ణి. ఖల్ఫాన్ గారు ఏమీ దాచలేదు. తన చెయ్యి చేసే పని ఆయనకే తెలియదు. ఆ తర్వాత కూడా ఒమన్‌లో చాలా ఏళ్ళు ఉన్నాను. ఎవరు చిన్న రివాల్వర్ తెచ్చినా, ఎన్ని కాల్చారని అడిగేవాణ్ణి, లోపలి అరుగుదల చూసేవాణ్ణి. దాంతోపాటు ఇంకొకటి అడగడం అలవాటు చేసుకున్నాను: పడుకునేటప్పుడు దీన్ని ఎక్కడ పెడతారు? కొందరు నవ్వేవారు. దిండు కింద అని చెప్పినవాళ్ళను మాత్రం కూర్చోబెట్టి, తూటాలు వేరే గదిలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి ఇంట్లో ఇంకొకరికి ఇవ్వమని చెప్పేవాణ్ణి. సరేనన్నాకే తుపాకీ చేతికిచ్చేవాణ్ణి.